మామిడిపండు రబ్బరు

మానుకోటలో ఒక ప్రైవేటు బడిలో నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "ఇంకేం చెప్తరు మేడం?" అని అడుగుతారు, డ్రాయింగ్ చెప్పడం అసలు చెప్పడమే కాదన్నట్టు. పరీక్షలు నెల రోజులున్నాయనగా నా పీరియడ్లు లెక్కల సారు చేతికి పోతాయి. తనిఖీకి ఎవరో వస్తున్నారంటే మాత్రం గోడల నిండా నెమళ్లు, జెండాలు వేయాల్సింది నేనే. ఇన్నేళ్ల ఈ కొలువులో నాకు బాగా అబ్బిన విద్య ఒకటే, చిన్నచూపు. చూడకుండా గీసే పిల్లలన్నా, ఆ గీతలను ఫోనుల్లో పెట్టి మురిసిపోయే తల్లులన్నా, చెట్టును కూడా స్కేలు పెట్టి గీయించమనే హెడ్మాస్టరన్నా నాకు ఒళ్లు మంట. అన్నిటికన్నా ఎక్కువ మంట పిల్లల డబ్బాల్లోని రబ్బర్ల మీద.

జనగామలో నేను చదువుకునే రోజుల్లో మాకు ఒక్కటే రకం దొరికేది. తెల్లగా, పలకగా ఉండేది. మా నాయిన దాన్ని బ్లేడుతో మూడు ముక్కలు చేసి ముగ్గురికి పంచేవాడు. అదేం గొప్పది కాదు, చలికాలంలో రాయిలాగా అయ్యేది. కానీ రబ్బరులాగా ఉండేది. ఇప్పుడు ఐస్‌క్రీములాగా, లిప్‌స్టిక్కులాగా, ఫోనులాగా ఉంటుంది. వాసన వస్తుంది, మెరుస్తుంది, బెంచీ కింద దొర్లుకుంటూ పోయి పీరియడంతా వెతికిస్తుంది. గీత చెరపమంటే మాత్రం దాన్ని కాగితమంతా పూస్తుంది. ఇవి ఎవడు గీస్తాడురా, వాడు ఎన్నడన్నా పెన్సిలు పట్టాడా అనుకునేదాన్ని. తరువాత అలాంటిది ఒకటి నేనే గీశాను.

ఒకరోజు ఆరో తరగతి వాళ్లకు కుండ గీయడం చెప్తున్నాను. క్లాసు సగం మంది కుండలు గులాబీ రంగు మరకలతో పుండ్లు పడ్డట్టు తయారయ్యాయి. బడి వాళ్లు కొత్తగా పంచిన స్ట్రాబెర్రీ రబ్బర్ల పని అది. మిగిలిన డబ్బా తీసుకుని ఆ శనివారం తొర్రూరు బస్సెక్కాను. మా బడికి పుస్తకాలు, పెన్సిళ్లు పంపేది అక్కడి ఒక హోల్‌సేల్ దుకాణం. కౌంటర్లో సేటు, ఆయన భార్య కూర్చుంటారు. సేటు సన్నటి మనిషి. మాట్లాడుతున్నంత సేపూ ఫోను చూస్తూనే ఉంటాడు. బేరాలు ఆయనవి, ఏ సరుకు ఏ అరలో ఉందో తెలిసేది మాత్రం ఆమెకే.

కౌంటర్ మీద ఒక పాత క్యాలెండరు కాగితం తిరగేసి, పెన్సిలుతో గీత గీసి, స్ట్రాబెర్రీతో రుద్ది చూపించాను. నలుగురు గిరాకీలు చుట్టూ చేరారు.

"ఇది రబ్బరా సేటూ? మసిగుడ్డ నయం" అన్నాను.

ఆయన సిగ్గుపడలేదు. ఫోను పక్కన పెట్టి, మొదటిసారి నా మొహం చూశాడు.

"మరి లబ్బరు ఎట్లుండాల్నో మీరే గీసియ్యరాదుండ్రి మేడం. మన పేరు మీద ఒకటి తీయాల్నని నేను గూడ అనుకుంటున్న. పట్నం అవుతల ఫ్యాక్టరీ ఉన్నది, అచ్చు ఎట్లిస్తే గట్ల పోస్తరు."

"గీసిస్తా" అన్నాను, నలుగురూ వింటుండగా.

నెల రోజులు ఆ పని మీదే ఉన్నాను. స్నానం సబ్బులు కొని బ్లేడుతో కోసి నమూనాలు చేశాను. మా బడిలో రెండో తరగతి పిల్లలకూ, పదో తరగతి వాళ్లకూ ఇచ్చి ఎలా పట్టుకుంటారో చూశాను. అందరూ బొటనవేలు ఒకవైపు, రెండు వేళ్లు ఒకవైపు పెట్టి, మూలతోనే చెరుపుతారు. రబ్బరు అందమంతా ఆ మూలలోనే ఉంది. గుండ్రంగా ఉంటే చెరపాల్సిన గీతతోపాటు పక్క గీత కూడా పోతుంది. అందుకని పలకగా, పొడుగ్గా, ఒక కొస ఏటవాలుగా ఉండేలా చేశాను. దాని మీద అట్టకాగితం తొడుగు. తొడుగు లేకపోతే చేతి చెమట పట్టి జిడ్డవుతుంది, ప్లాస్టిక్ డబ్బాలో పడి ఉంటే డబ్బాకే అంటుకుపోతుంది. ఆ తొడుగు మూలలు కూడా వంపుగా కత్తిరించాలి. లేదంటే గట్టిగా రుద్దినప్పుడు అట్ట అంచు కోసుకుని రబ్బరు విరుగుతుంది. ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు, మంచి రబ్బర్లు చేసేవాళ్లు ఎప్పుడో చేసి పెట్టిందే. కానీ ఒక్కొక్కటి ఎందుకలా ఉందో నాకై నాకు తెలిసేసరికి, నేనే కనిపెట్టినంత గర్వం వచ్చింది.

అన్నీ మూటగట్టుకుని మళ్లీ తొర్రూరు పోయాను. సేటు నా సబ్బు నమూనాను అటూ ఇటూ తిప్పాడు, వాసన చూశాడు.

"సబ్బుబిళ్ల లెక్క ఉన్నది" అన్నాడు.

"సబ్బే సేటూ. నమూనా."

"లబ్బరు చేసినా గట్లనే ఉంటది గద. గిది ఎవ్వలు కొంటరు మేడం? లబ్బరు కొనేది పోరగాండ్లు గాదు, వాళ్ల అమ్మలు. అమ్మ చెయ్యి గిట్ల సాపంగనే ముద్దొచ్చేటట్టు ఉండాలె. మామిడిపండు లెక్క గీయుండ్రి."

"మామిడిపండుతో చెరుపుతారా ఎవరన్నా?"

"గీకినప్పటి సంగతి కదా గది. కొన్నప్పటి సంగతి చెప్తున్న నేను."

తొడుగు గురించి చెప్పబోయాను. ఆయన పకపకా నవ్వాడు. "మామిడిపండుకు అంగీ తొడుగుతరా మేడం?" దుకాణంలో అందరూ నవ్వారు. ఆయన భార్య మాత్రం నవ్వకుండా ఆ తొడుగును చేతిలోకి తీసుకుని, నమూనా మీదికి జరిపి, తీసి, మళ్లీ జరిపి చూసింది.

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. లేచాను కూడా. అప్పుడు సేటు అన్నాడు: "డబ్బా మూత మీద మీ పేరు ఏపిస్త. డ్రాయింగ్ టీచర్ తయారుచేసింది అని, పెద్దగ."

కూర్చున్నాను.

ఆ సంగతి తలుచుకుంటే సేటు మీద కన్నా నా మీదే ఎక్కువ రోత పుడుతుంది. ఆయన వ్యాపారి, వ్యాపారం చేశాడు. అట్టడబ్బా మీద రెండు లైన్ల అచ్చు కోసం అమ్ముడుపోయింది నేను. అదైనా బాగా గీశాను. ముక్కు కొనదేలి ఉండే రకం మామిడిపండు గీసి, ఆ కొననే మూలగా వాడుకోవచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఫ్యాక్టరీవాడు కొన అచ్చులోంచి ఊడి రాదని దాన్ని గుండ్రం చేసేశాడు. పైన ఆకుపచ్చ ఆకు ఒకటి అతికించాడు, నేను గీయనిది. శాంపిలు వచ్చిన రోజు ఇంట్లో కూర్చుని రుద్ది చూశాను. పసుపు చార వచ్చింది. మళ్లీ రుద్దితే కాగితం నూగు లేచింది. ఫ్యాక్టరీకి ఫోను చేస్తే అక్కడ ఎవరో దాచకుండా చెప్పారు, సుద్ద ఎక్కువ కలిపితే అగ్గువకు పడుతుందని, సేటు ఎట్లా చెప్తే అట్లా కలుపుతామని.

నేను సేటుకు ఫోను చేయలేదు. డబ్బాలు అప్పటికే అచ్చయి ఉన్నాయి. ఒకటి తెచ్చి, ఇంటికొచ్చినవాళ్లకు కనబడేలా టీవీ పక్కన పెట్టాను. మా క్లాసులో మాత్రం పిల్లలెవరూ ఆ రబ్బరు తేవద్దని చెప్పాను.

ఆ చలికాలం భూపాలపల్లిలో ఒక యువజన సంఘం పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టి, నన్ను న్యాయనిర్ణేతగా పిలిచింది. పిల్లలు పొద్దున గీస్తారు, నేను మధ్యాహ్నం వచ్చి చూసి, సాయంత్రం బహుమతులు చెప్పాలి. బొగ్గు లారీల దుమ్ములో బస్సు దిగి హాలుకు చేరేసరికి కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. అంశం "మా ఊరు". ఎక్కువ మంది ఊరు ఒకటే. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ఆ జిల్లాలో కొబ్బరిచెట్టు నీడన ఎవరి గుడిసె ఉందో నాకు తెలియదు.

ఒక్క కాగితం వేరుగా ఉంది. మహదేవపూర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయిది. వరి నారుమడిలో వంగి నారు పీకుతున్న ముసలవ్వ. మడమల దాకా బురద, చేతుల్లో నారు కట్ట. ఆ వేళ్లు చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. వంగిన నడుము బరువు ఎక్కడ పడుతుందో ఆ పిల్లకు తెలుసు. కానీ ముసలవ్వ మొహం దగ్గర చింతగింజంత బొక్క. దాని చుట్టూ పసుపు మురికి.

పసుపు. అప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. నాకు తట్టింది ఒళ్లు మంట ఒక్కటే. ఇంత చేయి ఉండి ఇంత నిర్లక్ష్యమా అని. కొండల సూర్యుళ్లలో శుభ్రంగా ఉన్నదానికి మొదటి బహుమతి ఇచ్చాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వేదిక మీద మైకు ఇచ్చి రెండు మంచి మాటలు చెప్పమన్నారు. నేను ఆ కాగితం పైకెత్తి పట్టుకున్నాను. బొక్కలోంచి ముందు వరస పిల్లలు కనబడుతున్నారు.

"గీయడం వస్తే చాలదు, చెరపడం కూడా రావాలి. ఇది చూడండి. కోడి గీరినట్టు గీరి పెట్టారు. కాగితాన్ని గౌరవించనివాళ్లకు బొమ్మ రాదు" అన్నాను.

హాలంతా నవ్వింది. నాకు ఆ నవ్వు బాగుంది.

అయిపోయాక చాయ్ తాగుతుంటే ఒక అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. రెండు జడలు, యూనిఫాం మీద మగవాళ్ల స్వెట్టరు, చేతిలో ఆ కాగితం. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మేడం, నేను గట్టిగ రుద్దలే."

"ఏంటి?"

"గా బొమ్మ నాదే. నేను గట్టిగ రుద్దలే. మెల్లగనే తుడిసిన. నా తాన తెల్ల లబ్బరు ముక్కుండె. అందరు ఇచ్చినయే వాడాలె, అది లోపల పెట్టుమన్నరు." పిడికిలి తెరిచింది. "గిదిచ్చిండ్రు."

అరచేతిలో మామిడిపండు. ఆకు ఊడిపోయి ఉంది. పోటీలో కూర్చున్న పిల్లలందరికీ తలా ఒక పెన్సిలు, ఒక రబ్బరు తొర్రూరు సేటు ఉచితంగా పంపాడని నాకు అప్పుడు తెలిసింది. ఖాళీ డబ్బాలు గోడ వారన పేర్చి ఉన్నాయి. అన్నిటి మూతల మీదా నా పేరు.

ఆ పిల్ల చేతిలోంచి రబ్బరు తీసుకుని, ఆమె కాగితం అంచున గీత గీసి రుద్దాను. రెండోసారికి నూగు లేచింది. నాలుగోసారికి బొక్క పడింది. నేనూ మెల్లగానే రుద్దాను.

సంఘం వాళ్లలో ఒకాయన దగ్గరికి వచ్చాడు. "ఏమైంది మేడం? ఏమన్న పరేషానా?"

"ఏం లేదు" అన్నాను. "బొమ్మ బాగుందని చెప్తున్నా."

ఆ పిల్ల నా మొహం వంక ఒకసారి చూసి, కాగితం చుట్టుకుని, వాళ్ల ఊరి పిల్లలతో ఆటో ఎక్కింది. మైకు ఇంకా తీయలేదు. వేదిక మీదే ఉంది. పది అడుగులు వేసి, పొరపాటు నాదని చెప్పడానికి అడ్డం ఏమీ లేదు. నేను వేయలేదు.

ఆ తరువాత తొర్రూరు వెళ్లి డబ్బా మీద నా పేరు తీయించాలని రోజూ అనుకున్నాను. వెళ్లేసరికి ఎండాకాలం వచ్చింది. దుకాణం వెనక రేకుల గోదాములో భార్యాభర్తలిద్దరూ కింద కూర్చుని ఉన్నారు. ముందర కొన్ని అట్టపెట్టెలు. లోపలి ప్లాస్టిక్ డబ్బాల్లో మామిడిపండ్లన్నీ ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, డబ్బాలకు కూడా అతుక్కుని, పసుపు గడ్డలైపోయాయి. సేటు చాకుతో ఒకదాన్ని విడదీయబోతే సగం దీనితో, సగం దానితో వచ్చింది. గోదామంతా తియ్యటి వాసన.

"గా అంగీ తొడిగితె గిట్ల అంటుకోకపోవు గద" అంది ఆయన భార్య, ఎవరి వంకా చూడకుండా.

"నీకేం ఎర్క, ఊకో" అన్నాడు సేటు. తరువాత నన్ను చూసి, "రాండ్రి మేడం, మంచిగొచ్చిండ్రు. వచ్చే ఏటికి ఫోను లెక్కది గీసియ్యాలె" అన్నాడు.

"సేటూ, ముందు ఆ డబ్బా మీద నా పేరు తీసేయండి" అన్నాను. బస్సులో కూర్చుని ఎన్నోసార్లు చెప్పుకున్న మాట అది. ఆయన బతిమాలుతాడని, కారణం అడుగుతాడని, అప్పుడు సుద్ద సంగతీ, భూపాలపల్లి సంగతీ కడిగేయాలని సిద్ధంగా ఉన్నాను.

"పేరా? ఎప్పుడో తీసేసిన మేడం. రెండోపారి డబ్బాల మీద కోతిబొమ్మ ఏపిచ్చిన. పోరగాండ్లకు మస్తు నచ్చింది." చాకు కొనకు అంటిన ముద్దను గోడకు రాస్తూ అన్నాడు: "అయినా మీ పేరు ఎవ్వలు సదివిండ్రు?"

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే ఎవరన్నా చదివారా అని అడిగాడు. ఆయన భార్య లేచి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

వానలు పడ్డాక, బడికి ఒక రోజు సెలవు పెట్టి, భూపాలపల్లి మీదుగా మహదేవపూర్ బస్సెక్కాను. ఆ కాగితం వెనక రాసిన ఊరి పేరు, పిల్ల పేరు గుర్తున్నాయి. సంచిలో హన్మకొండలో కొన్న తెల్ల రబ్బర్లు, తొడుగులున్నవి, నాలుగు. మంచి డ్రాయింగ్ షీట్లు ఒక చుట్ట. బస్సు దిగి రెండు కిలోమీటర్లు బురదలో నడిచి, ఇద్దరు ముగ్గురిని అడిగితే ఇల్లు దొరికింది. ఆదివారం కాదు గానీ, నాట్ల రోజులు కాబట్టి ఆ పిల్ల బడికి పోకుండా ఇంట్లోనే ఉంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. నవ్వలేదు.

రబ్బరు ఇచ్చాను. నోటుబుక్కు తెచ్చుకుని గీత గీసి చెరిపింది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. మచ్చ లేదు.

"గిది మంచిగ తుడుస్తది" అంది. "మరి గిసొంటిది ఎందుకియ్యలే మీరు?"

"నేను ఇలాంటిదే గీసిచ్చాను బిడ్డా. సేటు వద్దన్నాడు."

"మరి గా మామిడిపండుది ఎవ్వలు గీసిండ్రు?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "అది కూడా నేనే" అన్నాను. "ఆ రోజు మైకులో అన్నది తప్పు. ఆ బొక్క నీది కాదు, నాది. ఆ రోజే చెప్పాల్సింది."

ఆ పిల్ల తొడుగును పైకీ కిందికీ జరిపి చూసింది. "మా అవ్వ బొమ్మ అది" అంది చివరికి. "మొఖం లేకుంట అందరికి సూపెట్టిండ్రు."

తరువాత లోపలికి తిరిగి కేకేసింది. "అమ్మా, గా మామిడిపండు లబ్బరు గీసింది గీ మేడమేనట!"

వాళ్లమ్మ చేతులకు బురదతోనే బయటికి వచ్చింది. మొహం విప్పారింది. "అయ్యో, మీరేనా మేడం? మా చిన్నదానికి గదంటె పానం! పండుకునేటప్పుడు గూడ ఇడువది. ఎప్పుడు సూడు సప్పరించుకుంట తిరుగుతది."

ఆమె వెనకాల నాలుగేళ్ల పిల్ల నిలబడి ఉంది. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. పెదాల అంచున పసుపు. నేను లేచి వెళ్లి, గడ్డం పట్టుకుని, నోట్లో వేలు పెట్టి ఆ మామిడిపండును తీశాను. సగం కొరికేసి ఉంది. దానిలో సుద్దతోపాటు ఏ రంగు, ఏ సెంటు కలిపారో తెలియదు గనక, ఇంటి ముందు కాలువలోకి విసిరేశాను.

చిన్నది గుక్కపట్టి ఏడ్చింది. వాళ్లమ్మ ఎత్తుకుని ఊరడించినా ఆగలేదు. "తినేది కాదమ్మా అది, నోట్లో పెట్టుకుంటే కడుపు పాడవుతుంది" అని నేను చెప్తూనే ఉన్నాను. ఆ ఏడుపులో ఆమెకు ఎంత వినిపించిందో. తెల్ల రబ్బరు ఒకటి చిన్నదాని చేతిలో పెట్టాను. అది వాసన చూసి నేలకేసి కొట్టింది. పెద్దది దాన్ని తీసి, గౌనుకు తుడిచి, జేబులో వేసుకుని, బస్సు టైమైతుందని నాకు చెప్పింది.